పడేసి చూడందే నమ్మడు

మా తోడల్లుడు వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఫ్యాన్ల ఫ్యాక్టరీవాళ్ళు ఆ సందర్భంగా చిన్న సంచిక వేస్తున్నారట. కుటుంబం తరఫున ఎవరైనా ఒక వ్యాసం రాసివ్వాలట. "మా బావ గురించి నాలుగు మంచి మాటలు రాయండి, మీ సొమ్మేం పోతుంది?" అంటూ మా ఆవిడ తెల్లకాగితాలు తెచ్చి నా కళ్ళజోళ్ళ షాపు బల్ల మీద పెట్టింది. మంచి మాటల కోసం నిజంగానే వెతికాను. బుర్ర గోక్కున్నాను, టీ తాగాను, మళ్ళీ వెతికాను. చివరికి దొరికింది దొరికినట్టు రాస్తున్నాను. ఇది వాళ్ళు అచ్చేస్తారన్న ఆశ నాకు లేదు.

ఫ్యాక్టరీలో ఆయన్ని ధబేల్ సారంటారు. ప్యాకింగ్ పరీక్ష గదికి ఆయనే పెద్ద. అట్టపెట్టెలో ఫ్యాన్ పెట్టి, చుట్టూ థర్మోకోల్ కూర్చి, టేపు వేశాక, సరుకులోంచి ఒక పెట్టెను ఆ గదికి పంపిస్తారు. అక్కడ ఇనప చట్రానికి తలుపు రెక్కల్లాంటి రెండు చెక్కలు ఉంటాయి. పెట్టెను వాటి మీద పెట్టి ఈయన మీట లాగుతాడు. రెక్కలు చటుక్కున కిందికి జారతాయి, పెట్టె సిమెంటు నేల మీద ధబేల్మని పడుతుంది. ముందు అడుగు మీద, తర్వాత అంచు మీద, తర్వాత మూల మీద. ఆ పైన విప్పి, ఫ్యాన్ బిగించి, తిప్పి చూస్తారు. తిరిగిందా, ఈయన జేబులోంచి గుండ్రటి రబ్బరు ముద్ర తీసి, దాని మీద నోటితో ఆవిరి ఊది, 'పాస్' అని కొడతాడు. ఉద్యోగం మొత్తం ఇంతే. దీనికి ఆయన ఇంట్లో ఇచ్చుకునే బిల్డప్ చూస్తే దేశ సరిహద్దు కాస్తున్నాడనుకోవాలి.

ఒకసారి నన్ను పిలిచి మరీ చూపించాడు. మీట లాగే ముందు కాలరు సర్దుకున్నాడు. పెట్టె పడ్డాక తల పక్కకు వంచి, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా వింటూ నిలబడ్డాడు. ఆ మొహంలో అంత తృప్తి నేను ఆయన పెళ్ళిలో కూడా చూడలేదు. గది గోడ మీద ఒక ఎర్ర గీత ఉంది. చెక్కలను అంతకంటే పైకి లేపకూడదని నియమం. ఆ గీత గీసింది ఈయన కాదు, పైనున్నవాళ్ళెవరో. ఇంట్లో అలాంటి గీత ఎవరూ గీయలేదు, మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఇంటికి ఏది కొత్తగా వచ్చినా పరీక్ష తప్పదు. ఫ్లాస్కు కొంటే బల్ల మీంచి తోస్తాడు. పగలకపోతే సంతోషించాలి కదా? ఊహూ. అటక ఎక్కి, అక్కడి నుంచి తోస్తాడు. గొడుగు కొంటే ఊచలు వెనక్కి విరిచి చూస్తాడు. చివరికి అది పగిలినప్పుడు గానీ ఆయన మనసు కుదుటపడదు. "చూశావా తమ్ముడూ, ముందే బయటపడింది. లేకపోతే దారి మధ్యలో పగిలి కొంప ముంచేది" అంటాడు. దారి మధ్యలో! అసలు దారి ఎక్కితే కదా మధ్య అనేది వచ్చేది.

దారి అంటే గుర్తొచ్చింది, ఆయనకో జీపు ఉంది. నాలుగు చక్రాలూ లాగే రకం, సెకండ్ హ్యాండ్. కొండలెక్కాలి, అడవుల్లో గుడారం వేసుకుని పడుకోవాలి, వాగుల్లోంచి బండి తోలాలి అని ఆయన కోరిక. ఆ జీపు అపార్ట్‌మెంట్ కింద స్తంభానికీ నీళ్ళ మోటారుకీ మధ్య, నీలం పట్టా కప్పుకుని పడి ఉంటుంది. ఆదివారం పొద్దున పట్టా తీసి, తుడిచి, ఇంజను స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, ఆపి, మళ్ళీ పట్టా కప్పుతాడు. పక్కింటివాళ్ళకు మాత్రం ఏ లోయలో టైరు గాలి ఎంత తగ్గించాలో ఉపన్యాసం ఇస్తాడు. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అన్న సామెత ఈయన్ని చూశాకే పుట్టి ఉండాలి.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. మా కుటుంబంలో ఇంతకంటే పనికిమాలినవాళ్ళూ ఉన్నారు. కానీ మధ్యలో మా మామగారి కన్ను వచ్చింది.

మామగారు రోడ్ల మేస్త్రీగా పనిచేసి మానేశారు. అత్తగారు పోయినప్పటి నుంచీ పెద్దకూతురి దగ్గర, మా వదిన దగ్గర, అంటే ఈ ధబేల్‌గారింట్లో ఉంటున్నారు. కొండ మీది పాత ఘాట్ రోడ్డు ఆయన ముఠా వేసిందే. కింద సొరంగం తవ్వి కొత్త రోడ్డు వేశాక దాన్ని గాలికి వదిలేశారు. ఇప్పుడంతా గుంతలు, పైనుంచి దొర్లిన రాళ్ళు, మోకాలెత్తు గడ్డి. మామూలు కారు ఎక్కదు.

ఆ రోడ్డు చివరి మలుపులో లోయవైపు ఒక అడ్డుగోడ ఉంది. కొత్తగా పెళ్ళయి పనివాళ్ళ గుడారంలో కాపురం పెట్టిన రోజుల్లో, మా అత్తగారు భర్తకు అన్నం క్యారేజీ తీసుకొచ్చి, తడి సిమెంటని చూసుకోకుండా ఆ గోడ మీద చెయ్యి ఆనించిందట. కంగారుగా వెనక్కి లాక్కునేసరికి గాజులు పగిలి, ముక్కలు సిమెంటులో దిగబడ్డాయి. ఆకుపచ్చ గాజులు. "కట్టిన గోడంతా పాడుచేశావు కదే" అని మేస్త్రీగారు అందరి ముందూ అరిచారు. కొత్త పెళ్ళికూతురు ఏడ్చింది. ఆయన తాపీ తీసుకుని చెరపబోయి, ఎందుకో చెయ్యి రాక ఆగిపోయారు. గుర్తు అలాగే ఎండిపోయింది. "పొద్దువాలే ముందు ఎండ సూటిగా ఆ గోడ మీద పడుతుంది బాబూ. ఆ ముక్కలు వెలిగేవి. పని ముగించి వెళ్ళేటప్పుడు రోజూ చూసేవాణ్ణి. ఆవిడకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు" అని ఆయన ఒకసారి నాతో అన్నారు. చెప్పి, కండువాతో ముక్కు తుడుచుకున్నారు.

ఆయనకు కంటి నరం ఎండిపోతోందని మొదట అనుమానపడింది నేనే. నా షాపులో ఏ అద్దం పెట్టినా పక్కనున్న అక్షరాలు కనపడ్డం లేదన్నారు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానిలో చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. చుక్కల మందు వేస్తే కాస్త నెమ్మదిస్తుంది గానీ పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. నన్ను పక్కకు పిలిచి, "ఆయన చూడాలనుకునేవి ఏవైనా ఉంటే వాయిదా వెయ్యకండి" అన్నాడు.

ఆ సాయంత్రం వదిన తండ్రి పక్కన కూర్చుని అడిగింది. "ఏం చూడాలనుంది నాన్నా?"

"ఏముందమ్మా... ఆ గోడ. ఎండ పడేటప్పుడు ఒక్కసారి."

నేనింకా నోరు తెరవలేదు, మా తోడల్లుడు తొడ చరిచాడు. "మన జీపుండగా దిగులెందుకు మామయ్యగారూ! నేను తీసుకెళ్తాను. మాటంటే మాటే."

మామగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టినంత పనిచేశారు. "మీకు శ్రమ అల్లుడుగారూ."

"శ్రమేంటండీ! ఒక్కటే తక్కువ. దారిలో మ్యాపులు చూసుకోవడానికి, దెబ్బలకు ఆగే ల్యాప్‌టాప్ ఒకటి తీసుకుందాం. అది రాగానే బయల్దేరడమే."

దారి వేసిన మనిషి బండిలో కూర్చుని ఉంటే దారి చూపడానికి పెట్టె ఎందుకని నేనడిగాను. "జ్ఞాపకం మీద బండి నడుపుతారా తమ్ముడూ?" అని జాలిగా నవ్వాడు. పైగా అది ఒకటే రోడ్డు. పక్కకు తిరగడానికి ఇంకో రోడ్డుంటే కదా తప్పిపోవడానికి!

అక్కణ్ణుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఏ ల్యాప్‌టాప్ మూలలకు రబ్బరుంది, దేని తెర మిట్టమధ్యాహ్నం ఎండలో కనిపిస్తుంది, ఏది దుమ్ము పీల్చదు, దేనికి లోపల ఫ్యానే ఉండదు, గ్లవ్స్ వేసుకుని ఏ మీటలు నొక్కొచ్చు, నడుస్తుండగానే బ్యాటరీ మార్చే వీలు దేనికుంది, ఇదే గోల. అన్నం తింటూ ఫోన్‌లో అవే వీడియోలు. ఎవడో ఎడారిలో ల్యాప్‌టాప్‌ని ఇసుకలో పాతి తీస్తుంటే ఈయన ముద్ద నోటి దగ్గర ఆపేసి చూసేవాడు. వదిన కూర వడ్డించి వెళ్ళిపోయిందని కూడా గమనించేవాడు కాదు.

కంప్యూటర్ షాపుకి నన్ను తోడు తీసుకెళ్ళాడు. అక్కడి అమ్మాయి ఓపిగ్గా అన్నీ చూపించింది. "మ్యాపులు ముందే దించి పెట్టుకోండి సార్, కొండ మీద సిగ్నల్ ఉండదు. జీపు బ్యాటరీ నుంచి ఛార్జింగ్ పెట్టుకునే వైరు కూడా వస్తుంది. మీ అవసరానికి ఈ చిన్నది చాలు" అంది.

"ఎంత ఎత్తు నుంచి పడేయొచ్చు?"

"పడేయడం ఎందుకు సార్? పొరపాటున జారితే బల్ల ఎత్తు వరకూ ఏం కాదు."

"నేను బల్ల మీద ఉండనమ్మా, కొండ మీద ఉంటాను" అన్నాడు ఈయన. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

చిన్నది వద్దని ఆయన ఏరి కొన్న మొదటి ల్యాప్‌టాప్ బల్ల మీంచి పడి బతికింది. అటక మీంచి పడి బతికింది. ఆ షాపమ్మాయికి ఒక దణ్ణం పెట్టి బయల్దేరాల్సింది అప్పుడే. ఈయన బాల్కనీలోకి వెళ్ళి, వాచ్‌మన్‌ని పక్కకు జరగమని కేకేసి, వదిలేశాడు. కింద పడ్డాక దాని తెర ఒకచోట, మీటలు ఒకచోట. మెట్లు దిగి వెళ్ళి ముక్కలు ఏరుకొచ్చి, "ఫెయిల్" అన్నాడు. కంపెనీవాడు గ్యారంటీ వర్తించదన్నాడని వాణ్ణి కూడా నాలుగు తిట్టాడు.

"బాల్కనీ నుంచి పడేస్తే ఏది బతుకుతుందండీ?" అంది వదిన.

"లోయ అంతకంటే లోతు కాదా?"

"లోయలో పడితే ముందు మనం బతకాలి కదా."

ఆయన ఫోన్ తీసి ఇంకో ల్యాప్‌టాప్ వీడియో పెట్టుకున్నాడు.

రెండోది వెతకడానికి ఒక ఎండాకాలం పట్టింది. ఈలోగా గుడారం, లాంతరు, నీళ్ళ క్యాను కూడా పరీక్షకు నిలబడి, ఒక్కొక్కటే ఓడిపోయాయి. గుడారాన్ని తాళ్ళతో ఇనప కటకటాలకు కట్టి, చిరిగేదాకా లాగాడు. చిరిగాక "బట్ట నాసిరకం" అన్నాడు. ఏనుగును కట్టి లాగినా చిరగని బట్ట ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

మామగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తుండేవారు. ఆయన దగ్గర మందులషాపు ఆకుపచ్చ సీసా ఒకటి ఉంది. మధ్యాహ్నం ఎండ వచ్చాక దాన్ని పిట్టగోడ మీద పెట్టి చూసేవారు. ఎందుకని ఒకసారి అడిగాను. "పచ్చ ఇంకా కనిపిస్తోందో లేదో చూసుకుంటున్నా బాబూ. ఇవాళ బాగానే ఉంది" అన్నారు. వెళ్ళిన ప్రతిసారీ సీసా దూరం తగ్గుతూ వచ్చింది. పిట్టగోడ మీది సీసా కుర్చీ పక్క స్టూలు మీదికి వచ్చింది, స్టూలు మీది సీసా ఆయన చేతిలోకి వచ్చింది. చేతిలో పట్టుకుని కంటికి ఆనించుకుని సూర్యుడివైపు తిరిగేవారు. అది చూసినరోజే ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మీరు ఊ అనండి మామయ్యగారూ, రేపే జీపొకటి అద్దెకు మాట్లాడి తీసుకొస్తాను" అన్నాను.

ఆయన కంగారుగా లోపలికి చూశారు, అల్లుడు విన్నాడేమోనని. "వద్దు బాబూ. ఆయన మాటిచ్చారు. ఇప్పుడు వేరే బండిలో వెళ్తే ఆయన్ని నలుగురిలో తీసిపారేసినట్టవుతుంది. అమ్మాయి ఆ ఇంట్లో కాపురం చెయ్యాలి." ఎంత చెప్పినా వినలేదు. వదినా అదే మాట. అల్లుడి మర్యాద! ఆ మర్యాద కూడా ఆయనే ఎక్కడి నుంచైనా పడేసి చూసి ఉంటే పీడా వదిలేది.

రెండో ల్యాప్‌టాప్‌కి పైన పిడి ఉంది, సైనికుల బట్టల రంగు, తిరగలి రాయంత బరువు. దాన్ని బాల్కనీ నుంచి పడేశాడు, బతికింది. నీళ్ళ తొట్టిలో ముంచాడు, బతికింది. మూడు రోజులు డాబా మీద ఎండబెట్టాడు, అయినా బతికింది. ఇంట్లో అందరం గుండెల మీద చేతులు వేసుకున్నాం. మామగారు ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున పట్టా తీసిన చప్పుడు, ఇంజను చప్పుడు వినిపించాయి. బయల్దేరుతున్నామనే అనుకున్నాం. కిందికి వెళ్ళి చూస్తే, ఆ పెట్టెను నేల మీద పెట్టి, దాని మీదుగా జీపు ఎక్కిస్తున్నాడు. టప్ మంది. ఆ యేడాది మొత్తంలో ఆ జీపు చేసిన ప్రయాణం అదొక్కటే.

"ఫెయిల్" అన్నాడు చక్రం పక్కన గొంతుక్కూర్చుని. ఆ గొంతులో ఉన్నది విచారం కాదు, నిశ్చింత. అది విన్నాక నాకు అర్థమైంది. ఈయనకు వెళ్ళాలని లేదు. వస్తువు పాసైతే వెళ్ళాల్సి వస్తుంది. గదిలో మీట లాగడం వేరు, నిజంగా కొండ మీద బండి తోలడం వేరు. ఉత్త పిరికితనం, దానికి పరీక్ష అని పేరు. మెట్ల దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ పట్టుకుని నిలబడ్డ మామగారు, "ఏమైంది అల్లుడుగారూ, బండి పాడైందా?" అని అడిగారు. వదిన ఆయన్ని పైకి నడిపించుకుని వెళ్ళింది.

మూడోది వదినే కొంది. ఆ షాపమ్మాయి మొదట చెప్పిన చిన్నదే. తెచ్చి, బీరువాలో పెట్టి, తాళం కొంగున ముడేసుకుంది. "ఆదివారం వెళ్తున్నాం. దీన్ని జీపెక్కాకే మీ చేతికిస్తాను. రానంటే చెప్పండి, మరిదిగారు అద్దె బండి తెస్తారు, నాన్నని తీసుకుని నేను వెళ్తాను. మర్యాదా మన్నూ ఇంక నావల్ల కాదు" అంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ధబేల్‌గారు నీళ్ళు నమిలాడు. అప్పటికి మామగారికి చూపు ఏమాత్రం మిగిలిందంటే, మంచి ఎండలో పెట్టిన రంగు సీసాను కంటికి ఆనించుకుంటే అది మెరుస్తోందని తెలిసేది. నీడలోకి వస్తే ఏమీ లేదు.

ఆదివారం బయల్దేరాం. మామగారు ముందుసీట్లో, వదినా నేనూ వెనక. మా కాళ్ళ దగ్గర రెండు విడి బ్యాటరీలు, ఎండకు ఛార్జయ్యే పలక, వైర్ల సంచి. ఘాట్ రోడ్డు మొదలవగానే జీపు ఎంత బాగా ఎక్కిందంటే, పట్టా కింద ఇన్నాళ్ళు పడి ఉన్నందుకు దాన్ని చూస్తే జాలేసింది. మామగారు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి కూర్చున్నారు. చేతికి ఎండ తగులుతున్నంతసేపూ ఆయన మొహం కళకళలాడుతోంది. "ఎండ బాగుంది. సరిగ్గా వేళకి చేరతాం" అన్నారు.

ధబేల్‌గారు మాత్రం కుదురుగా లేడు. పక్కన చట్రంలో బిగించిన ల్యాప్‌టాప్ వైపు పదేపదే చూస్తున్నాడు. అది పడలేదు, మునగలేదు, దాని మీద ఏ చక్రమూ ఎక్కలేదు. పరీక్ష కాని వస్తువుతో ప్రయాణం చెయ్యడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. సగం కొండెక్కాక ఒక వాగు అడ్డొచ్చింది. పాదాలు తడిసేంత నీళ్ళు. బండి ఆపాడు.

"ఏమైందండీ?" అంది వదిన.

"ఒక్క నిమిషం. దీని సంగతి ఇక్కడే తేలిపోవాలి. పైకి వెళ్ళాక మొరాయిస్తే?"

"మొరాయిస్తే ఏంటి? ఉన్నది ఒకటే రోడ్డు" అన్నాను నేను.

వినిపించుకోలేదు. దిగి, ల్యాప్‌టాప్ విప్పుకుని, వాగులో పెట్టి, పైన నీళ్ళు చల్లి, తీసి, తుడిచి, తెరిచాడు. తెర వెలిగింది. తర్వాత బానెట్ మీద పెట్టి, ఎండలో అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో ఒక్కో పక్క నుంచీ వంగి చూశాడు. బ్యాటరీ తీసి ఇంకోటి పెట్టాడు. తర్వాత ఫొటోలు. వదిన దిగి వెళ్ళి గొడవ పడింది. నేను ముందుసీటు మీదుగా వంగి హారన్ కొట్టాను. ఆయన చెయ్యి ఎత్తి ఆగమన్నాడు, మా ఇద్దరికీ తొందరపాటు జబ్బు ఉన్నట్టు. మామగారు చాపిన చెయ్యి అలాగే ఉంచారు. నీడ కిటికీ దాకా పాకి, చేతి మీదికి వచ్చాక, చెయ్యి లోపలికి తీసుకున్నారు.

చివరి మలుపు చేరేసరికి ఎదుటి కొండ అంచు మీద ఎర్రటి చీలిక ఒకటి మిగిలింది. నేను తలుపు తీసి మామగారిని దింపేలోపు అది కూడా పోయింది. గోడ అక్కడే ఉంది, గట్టిగా, ఒక్క రాయి కదలకుండా. వదిన గడ్డి తొక్కుకుంటూ ముందు పరిగెత్తి, వెతికి, "ఇక్కడ నాన్నా!" అని అరిచింది.

మామగారు వెళ్ళి నిలబడ్డారు. వంగి, మొహం గోడకు ఆనేదాకా పెట్టి, ఇటు తిప్పారు, అటు తిప్పారు.

"ఎండ దిగిపోయిందా అమ్మా?"

"ఇప్పుడే నాన్నా. ఇప్పుడే దిగింది."

నేను మా తోడల్లుడి వైపు తిరిగాను. "రేపు ఈ వేళ దాకా ఇక్కడే ఉందాం. రేపు ఎండలో చూపిద్దాం. గుడారం తీయండి."

"గుడారం ఫెయిలైంది కదా తమ్ముడూ."

"జీపులోనే పడుకుందాం."

"రేపు పొద్దున సరుకు పరీక్షకొస్తుంది. ముద్ర నా దగ్గరే ఉంది" అని జేబు తట్టి చూపించాడు. ఆ ముద్రను ఆయన కొండ మీదికి కూడా తెచ్చుకున్నాడు. చెయ్యి చేసుకుందామా అనిపించింది. మామగారు ముందుంటే చెయ్యలేక, పళ్ళు కొరుక్కుని వదిన దగ్గరికి వెళ్ళిపోయాను.

మామగారి చెయ్యి గోడ మీద తడుముకుంటూ గుర్తు దగ్గరికి చేరింది. వేళ్ళు ఒక్కొక్కటే ఆ అచ్చులో పెట్టారు. పెద్ద చెయ్యి, పట్టలేదు. బొటనవేలు గాజుముక్కల అంచుల మీద కదిలింది.

"ఏ రంగున్నాయమ్మా?"

"ఆకుపచ్చ నాన్నా. అలాగే ఉన్నాయి" అంది వదిన. ఏడుపు గొంతులో తెలియకుండా ఉండాలని గట్టిగా మాట్లాడింది. ఆ మసక వెలుతురులో అవి నల్లగా ఉన్నాయి.

ఆయన తలూపారు. ఎవరినీ నిష్ఠూరం ఆడనట్టుగా, మామూలుగా అన్నారు. "తడుముకోడానికైతే ఎప్పుడొచ్చినా ఒకటేనమ్మా. చూద్దామనే తొందరపడ్డాను."

అప్పుడే వెనక దడదడమని చప్పుడైంది. తిరిగి చూస్తే, మా తోడల్లుడు గోడ అవతలికి వంగి ఉన్నాడు. జీపులోంచి తెచ్చి దూరంగా గోడ మీద పెట్టుకున్న ల్యాప్‌టాప్ అక్కడ లేదు. జారిందో, జార్చాడో నేను చూడలేదు. చూడనక్కర్లేదు కూడా. ఈయన గోడ దాటి రాళ్ళ మీదుగా కిందికి దిగాడు. పొదల్లో వెతికాడు. తెర వెలుగు మొహం మీద పడింది. జేబులోంచి ముద్ర తీసి, దాని మీద ఆవిరి ఊది, మూత మీద కొట్టడం నాకు పైనుంచి స్పష్టంగా కనిపించింది. పెట్టెను రెండు చేతులా నెత్తి మీదికి ఎత్తి, కొండంతా మోగేలా అరిచాడు.

"పాసైంది!"

మామగారు గోడ మీంచి చెయ్యి తీయకుండానే తల అటు తిప్పారు. "అల్లుడుగారేనా? ఏమంటున్నారమ్మా?"

"పాసైందట నాన్నా. ఆయన పెట్టె."

"మంచిదమ్మా" అన్నారు మామగారు. "అక్కడ రాళ్ళు జారతాయి. చూసుకుని పైకి రమ్మను."